దూరాన్ని వేగంతో భాగిస్తే గంటలు ఎందుకు రావు?

ఫలానా రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరమెంత, విమానంలో ఎన్ని గంటలు పడుతుంది అని ప్రతిసారీ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఒక్కొక్కరికీ రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవడం కంటే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేద్దాం అనిపించింది. ఒకే అర్థం వచ్చే ఉత్తరాలను కలిపేశాను, మరీ పొడుగ్గా ఉన్నవాటిని కుదించాను. ఏమీ అనుకోకండి.

ప్ర: సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానానికి జూలైలో టికెట్ తీసుకున్నాను. నెట్‌లో చూస్తే రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం సుమారు 15,340 కిలోమీటర్లు అని ఉంది. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందంటారు కదా, భాగిస్తే 17 గంటలు వచ్చింది. టికెట్ మీదేమో 18 గంటల 40 నిమిషాలు. బయలుదేరే టైము, దిగే టైము తీసివేస్తే 6 గంటల 40 నిమిషాలే. ఇందులో ఏది నిజం?

జ: మూడూ నిజమే అండీ, కాకపోతే మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మీరు లెక్కేసిన 17 గంటలు గాలన్నదే లేని ఆకాశంలో, నేల మీద పాకకుండా, పైకెక్కకుండా, కిందికి దిగకుండా, పుట్టుకతోనే 900 వేగం మీదున్న విమానానికి పట్టే టైం. అలాంటి విమానం ఇంకా ఎవరూ తయారు చెయ్యలేదు. టికెట్ మీది 18 గంటల 40 నిమిషాలు ఈ గేటు దగ్గర చక్రం కదిలినప్పటి నుంచి ఆ గేటు దగ్గర చక్రం ఆగేదాకా, అంటే మీ నడుము ఓర్చుకోవాల్సిన అసలు టైం. ఇక మూడోది గడియారాల తేడా. ఎండాకాలంలో సింగపూర్ టైం న్యూయార్క్ కంటే సరిగ్గా 12 గంటలు ముందుంటుంది. అర్ధరాత్రి 12కి బయలుదేరి 18 గంటల 40 నిమిషాలు ఎగిరితే సింగపూర్‌లో సాయంత్రం 6:40 అవుతుంది, అప్పటికి న్యూయార్క్‌లో అదే రోజు పొద్దున 6:40. అదే మీరు జనవరిలో వెళ్తే తేడా 13 గంటలు, ఎందుకంటే అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు, సింగపూర్‌లో అసలు ముట్టుకోరు. ప్రయాణంలో ఒక్క నిమిషం మారకపోయినా టికెట్ మీద మాత్రం దిగే టైం 5:40 అయిపోతుంది.

సరే, 17 గంటలకీ 18 గంటల 40 నిమిషాలకీ మధ్య తేడా ఎక్కడిది? మీ భాగహారం బాగానే ఉంది, అందులో వేసిన రెండు అంకెలతోనే వచ్చింది చిక్కు. 15,340 అనేది భూగోళం మీద రెండు చుక్కల మధ్య అతి దగ్గరి దారి. ఈ రెండు ఊళ్లూ భూమికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి కాబట్టి ఆ దగ్గరి దారి ఇంచుమించు ఉత్తర ధ్రువం నెత్తి మీదుగా పోతుంది. విమానం చాలా రోజులు ఆ దారినే పోదు, పసిఫిక్ మీదుగా గాలివాటం చూసుకుని పోతుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2018 అక్టోబరులో న్యూయార్క్ పక్కనే ఉన్న నెవార్క్‌కు ఈ నాన్‌స్టాప్ మొదలుపెట్టినప్పుడు, రూటు దూరం 16,700 కిలోమీటర్లు, టైం 18 గంటల 45 నిమిషాలు అని చెప్పింది. అతి దగ్గరి దారి కంటే 1,300 కిలోమీటర్లకు పైగా ఎక్కువ! ఇది పొరపాటు కాదు, కావాలని చేసే పనే. ఎందుకో కింద ఇంకొకరు అడిగారు, అక్కడ వివరంగా చెప్తాను.

ప్ర: అదే రెండు ఎయిర్‌పోర్టులకు ఒక చోట 15,340 అని, ఒక చోట 9,530 అని, ఇంకో చోట 8,280 అని ఉంది. ఇంటర్నెట్‌లో దేన్ని నమ్మాలి?

జ: దేన్నైనా నమ్మొచ్చు, పక్కనున్న యూనిట్ చూసుకుంటే చాలు. మొదటిది కిలోమీటర్లు, రెండోది మామూలు మైళ్లు, మూడోది నాటికల్ మైళ్లు. విమానాలు, ఓడలు వాడేది ఈ మూడోదే. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. భూమి మీద అక్షాంశంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒక భాగం సుమారుగా ఇంతే ఉంటుంది, అందుకే మ్యాపు ముందేసుకుని కూర్చునే పైలట్‌కు అది హాయి. పైలట్ మాటల్లో వినిపించే నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు.

యూనిట్ ఒకటే అయినా పది ఇరవై కిలోమీటర్ల తేడా కనిపిస్తుంది, దానికి వేరే కారణం ఉంది. భూమి సరైన బంతి కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. కొందరు భూమిని గుండ్రటి బంతి అనుకుని 6,371 సగటుతో లెక్క కడతారు, కొందరు ఆ నొక్కును కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఇంకొందరు ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు కాకుండా ఊరి నడిమధ్య నుంచి కొలుస్తారు, అక్కడా ఓ పాతిక కిలోమీటర్లు అటూ ఇటూ అవుతాయి. ఇలాంటి తేడాల గురించి జుట్టు పీక్కోవడం అనవసరం, గాలి ఒక్క గంటలో అంతకు పదింతలు మార్చేస్తుంది.

ప్ర: టోక్యో నుంచి న్యూయార్క్ వెళ్లే విమానం స్క్రీన్ మీద అలాస్కా వైపు ఎక్కేసి, మళ్లీ కిందికి దిగింది. మ్యాపులో రెండు ఊళ్లూ దాదాపు ఒకే వరసలో ఉన్నాయి కదా, తిన్నగా పోకుండా ఈ చుట్టు తిరుగుడు ఎందుకు?

జ: తిన్నగానే వెళ్లింది. వంకర ఉన్నది మీ మ్యాపులో.

గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరిస్తే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు, గోడ మీద వేలాడే మామూలు మ్యాపుల్లో ఆ సాగదీత అంతా ధ్రువాల వైపు జరుగుతుంది. ఒక బంతి తీసుకోండి, రెండు చుక్కలు పెట్టండి, వాటి మధ్య దారం బిగించి లాగండి. దారం ఎటు పోతే అదే దగ్గరి దారి. దీన్నే గ్రేట్ సర్కిల్ అంటారు, మన భూగోళం పుస్తకాల్లో మహావృత్తం. ఉత్తరార్ధగోళంలో తూర్పు పడమరలుగా దూరంగా ఉన్న రెండు చుక్కల మధ్య దారం బిగిస్తే అది ఎప్పుడూ ఉత్తరానికే జరుగుతుంది.

ఎంత తేడా వస్తుందో తెలియాలంటే కాగితం మీద చేసుకోగలిగే లెక్క ఒకటి చెప్తాను. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, భూమికి అటువైపు ఒక చుక్క, ఇటువైపు ఒక చుక్క ఉన్నాయనుకోండి. అక్షాంశం గీత వెంబడే పోతే సుమారు 10,000 కిలోమీటర్లు. ధ్రువం మీదుగా పోతే 60 డిగ్రీలే కాబట్టి 6,670 కిలోమీటర్లు. మూడో వంతు దూరం మాయం! టోక్యో, న్యూయార్క్ ఇంకా దక్షిణాన ఉన్నాయి కాబట్టి లాభం అంత ఉండదు, అయినా అక్కడా గీత వెంబడి పోయేదానికీ అలాస్కా దారికీ సుమారు 2,000 కిలోమీటర్ల తేడా ఉంటుంది. రెండు గంటలకు పైగా అన్నమాట.

ప్ర: ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానం దూరం ఎక్కువ ఉన్న దారిలో వెళ్లి తక్కువ టైంలో చేరిందని ఎప్పుడో చదివాను. రాసినవాళ్లు అటుది ఇటు చేసి రాశారా?

జ: సరిగ్గానే రాశారు, ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే నచ్చిన కథ అదే. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఆ రూటు మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ వైపు నుంచి, అంటే పడమరగా వెళ్లేవాళ్లు. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి తిప్పేసి తూర్పుగా, పసిఫిక్ మీదుగా వెళ్లారు. అది సుమారు 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. తీరా చూస్తే పద్నాలుగున్నర గంటల్లో చేరిపోయారు, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందు. 15,300ని 14.5తో భాగించండి, సగటున గంటకు 1,055 కిలోమీటర్లు! ఆ విమానం ఇంజిన్లు కొత్తగా ఏమీ మారలేదు, మారింది గాలి.

నేల నుంచి 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో, సరిగ్గా విమానాలు తిరిగే చోటే, పడమర నుంచి తూర్పుకు గాలి నదిలా పారుతూ ఉంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు 150, 200 కిలోమీటర్ల వేగం దానికి మామూలే, చలికాలంలో కొన్ని రోజులు 300 కూడా దాటుతుంది. పడవ నీళ్లలో ఎలా పోతుందో విమానం గాలిలో అలా పోతుంది. విమానం 900 వేగం అన్నప్పుడు అది చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పే వేగమే, కింద నేలతో దానికి సంబంధం లేదు. వెనక నుంచి 150 గాలి తోస్తే నేల మీద లెక్కకు 1,050, ఎదురుగా కొడితే 750. కాబట్టి ఢిల్లీ నుంచి పడమరగా పోయిన విమానం దారి పొడుగునా ఏటికి ఎదురీదింది, తూర్పుగా పోయినది ఏటివాలున కొట్టుకుపోయింది.

ఇంకో ముచ్చట. 2020 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీద పెద్ద తుఫాను ఉన్నప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వెళ్లిపోయింది. మామూలుగా ఏడు గంటల చిల్లర టికెట్ అది. నేల లెక్కన ఒక దశలో దాని వేగం గంటకు 1,327 కిలోమీటర్లు. అంటే శబ్దవేగం దాటిందా అని అప్పుడు చాలామంది అడిగారు. దాటలేదు, చుట్టూ గాలి కూడా దానితోపాటే పరిగెడుతోంది కదా. నిజంగా శబ్దవేగం దాటి ప్రయాణికులను తీసుకెళ్లింది కాంకార్డ్, అదే దారిని 1996 ఫిబ్రవరి 7న 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో ముగించింది.

పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు తిరిగి వస్తుంది, లెక్క సమానం అయిపోతుంది అనుకుంటారు చాలామంది. నేనూ చాన్నాళ్లు అలాగే అనుకున్నాను, ఓసారి కాగితం మీద వేసి చూసుకుని నాలిక్కరుచుకున్నాను. 6,000 కిలోమీటర్ల దూరం అనుకోండి. గాలి లేకపోతే పోను 6 గంటల 40 నిమిషాలు, రాను అంతే, మొత్తం 13 గంటల 20 నిమిషాలు. 150 గాలి ఉంటే ఎదురుగాలిలో 8 గంటలు, తోసే గాలిలో 5 గంటల 43 నిమిషాలు, మొత్తం 13 గంటల 43 నిమిషాలు. 23 నిమిషాలు నష్టం. ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు గడుపుతాం, తోసే గాలిలో తక్కువసేపు. అందుకే రూటు వేసేవాళ్లు రోజూ గాలి మ్యాపు చూసి దారి మారుస్తుంటారు, పోయే దారి వేరు వచ్చే దారి వేరు చేసుకుంటారు.

ప్ర: భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా. అలాంటప్పుడు పడమర వైపు వెళ్లే విమానానికి ఊరే ఎదురొస్తుంది, తొందరగా చేరాలి. హెలికాప్టర్ పైకెక్కి ఊరికే నిలబడితే చాలదా?

జ: చాలితే ఎంత బాగుండేదో! భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. కానీ దానితోపాటు గాలీ తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న హెలికాప్టరూ తిరుగుతోంది. కదిలే రైలు పెట్టెలో ఎగిరి దూకితే ఎక్కడ దూకారో అక్కడే పడతారు కానీ వెనక గోడకు అతుక్కోరు కదా. నేల తిరిగి గాలి తిరగకుండా ఉంటే మనం ఇంటి బయట అడుగు పెట్టలేం, 1,670 వేగం గాలి ఈడ్చుకుపోతుంది.

అయితే మీ ప్రశ్నలో నిజం అసలు లేకపోలేదు. వేడి గాలి భూమధ్యరేఖ దగ్గర పైకి లేచి ధ్రువాల వైపు పోతుంటే, భూభ్రమణం వల్ల అది తూర్పుకు తిరుగుతుంది. పైన చెప్పిన జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకు పారడానికి అదే కారణం. అంటే భూమి తిరగడం వల్ల టైం మారుతుంది కానీ, మీరనుకున్నదానికి ఉల్టాగా, తూర్పుకు పోయేవాళ్లకు లాభం.

ప్ర: హెల్సింకి నుంచి టోక్యోకు ఒకప్పుడు తొమ్మిదిన్నర గంటలు ఉండేది, ఇప్పుడు 13 గంటలు చూపిస్తోంది. ఊళ్లు ఏమైనా దూరం జరిగాయా?

జ: ఊళ్లు అక్కడే ఉన్నాయి, మధ్యలో రష్యా మూసుకుపోయింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్ దేశాలు రష్యా విమానాలకు తమ గగనతలం మూసేశాయి, రష్యా కూడా వాళ్లకు మూసేసింది. హెల్సింకి నుంచి టోక్యోకు దగ్గరి దారి 7,800 కిలోమీటర్లే, దాదాపు అంతా సైబీరియా మీదుగానే. ఫిన్‌ఎయిర్ అనే ఫిన్లాండ్ సంస్థ వ్యాపారమంతా ఆసియాకు దగ్గరి దారి మాదే అన్న మాట మీద కట్టుకున్నది. రాత్రికి రాత్రి ఉత్తర ధ్రువం మీదుగా అలాస్కా పక్క నుంచి దిగడమో, దక్షిణంగా మధ్య ఆసియా మీదుగా తిరిగి రావడమో తప్ప వేరే దారి లేకపోయింది. చిత్రం ఏమిటంటే, 1983లో ఆ సంస్థే సోవియట్ యూనియన్ మీదుగా పోయే వీల్లేక, డీసీ-10 విమానంలో హెల్సింకి నుంచి టోక్యోకు ధ్రువం మీదుగా నాన్‌స్టాప్ నడిపింది. అప్పుడూ సుమారు 13 గంటలే. నలభై ఏళ్ల తర్వాత మళ్లీ అక్కడికే వచ్చారు.

రాజకీయాలు లేకపోయినా కొన్ని చోట్ల విమానాలు చుట్టు తిరుగుతాయి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర వేల మీటర్లకు పైన. విమానంలో గాలి పీడనం పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు, అంటే సుమారు 3,000 మీటర్లకు దించాలి. పైనుంచి ఊడిపడే మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా పావుగంట అటూ ఇటూ వస్తుంది, అంతే. కింద నేలే అంతకంటే ఎత్తుంటే ఎక్కడికి దించుతాడు? అందుకని చాలా రూట్లు పక్క నుంచి పోతాయి. సముద్రాల మీద కూడా ఇలాంటిదే ఒక నిబంధన ఉంది. రెండు ఇంజిన్ల విమానం, ఒకటి ఆగిపోయినా ఇన్ని నిమిషాల్లో ఏదో ఒక ఎయిర్‌పోర్టు చేరగలిగేంత దూరంలోనే ఉండాలి. 1985లో దాన్ని 120 నిమిషాలకు పెంచారు, ఇప్పుడు కొన్ని మోడళ్లకు ఐదారు గంటలదాకా అనుమతి ఉంది కాబట్టి ఈ బెడద బాగా తగ్గింది.

ప్ర: ప్రపంచంలో ఏ ఎయిర్‌పోర్టు నుంచి ఏ ఎయిర్‌పోర్టుకైనా ఆగకుండా వెళ్లగలిగే రోజు వస్తుందా?

జ: భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. కాబట్టి మీరు ఎక్కడున్నా, ఎక్కడికి వెళ్లాలన్నా 20,000 కిలోమీటర్లకు మించిన దూరం అసలు ఉండదు, అది దాటితే అవతలి వైపు నుంచి దగ్గరవుతుంది. ఆ మాటకొస్తే 2005 నవంబరులోనే బోయింగ్ 777-200ఎల్‌ఆర్ ఒకటి హాంకాంగ్ నుంచి లండన్‌కు కావాలని తూర్పుగా, అమెరికా మీదుగా తిరిగి, ఆగకుండా సుమారు 21,600 కిలోమీటర్లు వెళ్లింది. 22 గంటల 42 నిమిషాలు పట్టింది. కానీ అది రికార్డు కోసం, లోపల ఓ ముప్పై నలభై మందితో చేసిన ఫీటు. నిండా జనాన్ని, సామాన్లను ఎక్కించుకుని రోజూ చెయ్యడం వేరే సంగతి.

అసలు చిక్కు ఇంధనం బరువుతో. దూరం పెరిగితే ఇంధనం కావాలి, ఆ ఇంధనాన్ని మొయ్యడానికి ఇంకాస్త ఇంధనం కావాలి. సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్లే ఎయిర్‌బస్ ఎ350-900యుఎల్‌ఆర్ ట్యాంకుల్లో 1,65,000 లీటర్లు పడుతుంది, బరువులో చెప్పాలంటే 130 టన్నులు దాటుతుంది. విమానం గరిష్ఠంగా లేవగలిగే బరువే 280 టన్నులు. దాదాపు సగం ఇంధనమే! అందుకే 300 మంది పట్టే ఆ విమానంలో 161 సీట్లే పెట్టారు, మామూలు ఎకానమీ సీటు ఒక్కటి కూడా లేదు.

సిడ్నీ నుంచి లండన్ సుమారు 17,000 కిలోమీటర్లు. 1947 డిసెంబరులో ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటస్ ఆ రూటు మొదలుపెట్టినప్పుడు నాలుగు రోజులు పట్టేది, మధ్యలో ఆరు చోట్ల ఆగేది, అందులో కలకత్తా ఒకటి. విమానంలో 29 మంది ప్రయాణికులు. ఇప్పుడు అదే సంస్థ దీన్ని ఒక్క దూకులో దాటాలని 2022లో 12 ఎ350-1000 విమానాలకు ఆర్డరు పెట్టింది, 2027లో మొదలుపెడతామంటోంది. దానికి ముందే 2019 అక్టోబరులో న్యూయార్క్ నుంచి సిడ్నీకి 49 మందితో ప్రయోగాత్మకంగా ఎగిరి చూశారు, 19 గంటల 16 నిమిషాలు. యంత్రం బాగానే ఉందట, మనుషులు ఎలా ఉంటారో చూడ్డానికే ఆ ప్రయోగం. నన్నడిగితే 20 గంటలు ఒకే సీట్లో కూర్చోవడం కంటే మధ్యలో ఒకచోట దిగి, నాలుగు అడుగులు వేసి మళ్లీ ఎక్కడమే మేలు. మా ఇంట్లో ఈ విషయంలో ఎవరూ నాతో ఏకీభవించరు, మళ్లీ సెక్యూరిటీ లైన్లో ఎవడు నిలబడతాడు అంటారు. అదీ నిజమే.

ప్ర: అరగంట లేటుగా బయలుదేరిన విమానం పది నిమిషాలు ముందే దిగింది. పైలట్ గట్టిగా తోలాడా?

జ: కొంచెం తోలి ఉండొచ్చు, కానీ దానితో వచ్చేది చాలా తక్కువ. పెద్ద జెట్ విమానాలు ఎగిరేది శబ్దవేగంలో 85 శాతం దగ్గర. అక్కడి నుంచి కాస్త పెంచినా గాలి నిరోధం అమాంతం పెరిగి ఇంధనం తాగేస్తుంది. 1958లో సర్వీసులోకి వచ్చిన బోయింగ్ 707 ఎంత వేగంతో పోయేదో ఇవాళ్టి విమానాలు దాదాపు అంతే వేగంతో పోతున్నాయి. అరవై ఏళ్లలో ఇంజిన్లు పొదుపు నేర్చుకున్నాయి, పరుగు మాత్రం నేర్చుకోలేదు.

మీ నలభై నిమిషాలు వచ్చింది టైంటేబుల్ నుంచే. టికెట్ మీద వేసేదాన్ని బ్లాక్ టైం అంటారు, గేటు నుంచి గేటుకు. అందులో రన్‌వే దాకా పాకడం, క్యూలో నిలబడడం, దిగాక గేటు దొరికేదాకా ఆగడం అన్నీ కలిపి, ఆ పైన ఇంకొంచెం పెంచి వేస్తారు. లేటైనా లేటు కానట్టు కనిపించాలిగా మరి. రద్దీ లేని రోజున ఆ మిగులంతా మీకు కలిసొస్తుంది, పైలట్ మైకులో గర్వంగా ముందే చేరాం అని ప్రకటిస్తాడు.

ప్ర: టికెట్ మీద దిగే టైం పక్కన చిన్నగా +2 అని ఉంది. రెండు రోజులు విమానంలోనే ఉంటానా?

జ: లేదండీ, కంగారు పడకండి. బయలుదేరిన తేదీకి రెండు తేదీల తర్వాత దిగుతారని అర్థం, అంతే. న్యూయార్క్‌లో సోమవారం రాత్రి 10కి ఎక్కి 18 గంటల 50 నిమిషాలు ఎగిరితే న్యూయార్క్‌లో మంగళవారం సాయంత్రం 4:50, సింగపూర్‌లో అప్పటికే బుధవారం తెల్లవారుజాము 4:50. మీ మంగళవారం గాల్లోనే కరిగిపోయింది. దీనికి రివర్సు కూడా ఉంది, టోక్యోలో సాయంత్రం ఎక్కి పసిఫిక్ దాటి లాస్ ఏంజెల్స్‌లో అదే తేదీ పొద్దున దిగొచ్చు, ఎక్కకముందే దిగినట్టు. తేదీ మారే గీత ఆ సముద్రం మధ్యలో ఉంది మరి.

నేను ఒకసారి ఈ చిన్న అంకెను పట్టించుకోకుండా, నన్ను తీసుకెళ్లడానికి వచ్చే స్నేహితుడికి ఒక రోజు ముందు తేదీ చెప్పాను. పాపం తెల్లవారుజామున వచ్చి మూడు గంటలు నిలబడి వెళ్లాడట, అప్పటికి నేనింకా మధ్య సముద్రం మీద ఉన్నాను. అప్పటి నుంచి తేదీతోపాటు వారం పేరు కూడా రాసి పంపుతున్నాను. మీరూ అలాగే చెయ్యండి.

ప్ర: ఇదంతా సరే, ఏవైనా రెండు ఎయిర్‌పోర్టులు చెబితే నేనే సుమారుగా టైం చెప్పుకునే చిట్కా ఏదైనా ఉందా?

జ: నేను వాడేది ఒకటుంది. అతి దగ్గరి దారి దూరాన్ని 900తో కాకుండా 850తో భాగించండి, వచ్చినదానికి అరగంట కలపండి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు వేసి చూస్తే 18 గంటల 33 నిమిషాలు వస్తుంది, టికెట్‌కు ఏడు నిమిషాలే తేడా. పెర్త్ నుంచి లండన్ 14,500 కిలోమీటర్లు, పదిహేడున్నర గంటలు వస్తుంది, నిజంగా కూడా ఇంచుమించు అంతే. ఉత్తరార్ధగోళంలో బాగా పడమరగా పోయేదైతే ఇంకో అరగంట నుంచి గంట కలుపుకోండి, తూర్పుగా అయితే కాస్త తీసెయ్యండి. దారిలో మూసేసిన గగనతలం ఉంటే మాత్రం ఈ చిట్కా పనికిరాదు, హెల్సింకి టోక్యోకు వేస్తే పాత తొమ్మిదిన్నర గంటలే వస్తాయి. మధ్యలో విమానం మారేటట్టయితే రెండు ముక్కలకూ విడివిడిగా లెక్కేసి, మధ్యలో ఆగే టైం కలుపుకోవాలి, మొత్తం దూరాన్ని ఒకేసారి భాగిస్తే తప్పొస్తుంది.

ప్ర: స్క్రీన్ మీద ఇంకా 25 నిమిషాలు అని చూపించింది. పావుగంట తర్వాత చూస్తే 28 నిమిషాలు. పాడైపోయిందా?

జ: పాడవలేదు. కింద దిగేవాళ్ల వరస పొడుగ్గా ఉండి మిమ్మల్ని గాల్లోనే గుండ్రంగా తిప్పుతున్నారు. కిటికీలోంచి చూడండి, సూర్యుడు ఒకసారి ఎడమ పక్కకు, ఒకసారి కుడి పక్కకు వస్తుంటే అదే.